మరణశాసనము చెప్పిన జీవితము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



హైదరాబాదు నగరమునకు పోయి వచ్చినవారిలో నాంపల్లి స్టేషనున దిగనివారును, ఆబిడ్సు అంగళ్లలో ఒక గుడ్డముక్కయైనను బేరమాడనివారును అరుదు. 1907లో కట్టిన ఆ స్టేషనునుండి ఆబిడ్సు దాక నడచి పోయినను పావుగంటకు మించదు. ఈ రెండు తావుల పేరులును ఇద్దరు మనుష్యులవి. ఆ మాట తలచుకొనువారు తక్కువ.

గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కొలువున రజా కులీ అను సేనాని యుండెను. అతనికి నేక్‌నాం ఖాన్ అను బిరుదు కలదు. నేక్‌నాం అనగా మంచిపేరు గలవాడని యర్థము. నాంపల్లి పేరునకు ఆ బిరుదే మూలమని చెప్పుదురు. 1672లో అతడు మరణింపగా, సమాధి పోషణమునకై మంగళవారము అను గ్రామపు ఆదాయమును సుల్తాను విడిచిపెట్టెను. ఆ ఫర్మానాను నల్లరాతిపై చెక్కించి సమాధికడ నిలిపిరి. వారము పేరున వెలసిన ఆ యూరిలో మంగళవారపు సంత జరుగుచుండెడిది కాబోలు! సేనాని యుద్ధములు పుస్తకములలో ఎంతగా మరుగుపడినను, ఒక పల్లె పన్ను లెక్క మాత్రము రాతిపై నిలిచినది.

ఆబిడ్సు సంగతి వేరు. ఆల్బర్ట్ ఆబిద్ అనువాడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను వద్ద ఆంతరంగిక సేవకుడు. అతడు పెట్టిన అంగడిని జనులు ఆబిద్ దుకాణమనిరి. దుకాణము పోయినది, పేరు మిగిలినది. అతడు ఆర్మీనియా జాతివాడని కొందరును, యూదుడని కొందరును వ్రాసిరి. మనిషి జాడ తేటగా కానవచ్చునది 1891 నాటి వజ్రపు వ్యాజ్యమునందే. సిమ్లాలో రత్నవ్యాపారము చేయు అలెగ్జాండర్ మాల్కం జేకబ్ అనువాడు 184 కారట్లకు పైబడిన వజ్రమును నిజామునకు అమ్మజూపెను. నడుమ నిలిచి బేరము నడపినవాడు ఆబిద్. 46 లక్షల రూపాయలకు మాట కుదిరి, అందు 23 లక్షలు ముందుగా చెల్లెను. తీరా రాయిని చూచి నిజాము వలదనెను. వర్తకుడు సొమ్ము మరల ఈయకుండెను. వ్యాజ్యము కలకత్తా హైకోర్టుకెక్కెను. ఆ యేటి చివర జేకబు నిర్దోషిగా విడుదలయ్యెను. 1995లో భారత ప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొనిన నిజాము నగలలో ఆ వజ్రమును కలదు. రాతికి ఇంత చరిత్ర యుండగా, దానిని బేరమాడిన మనిషికి అందులో పదవవంతైనను లేదు.

ఆబిద్ తుదకు ఇంగ్లండు చేరెనని చెప్పుదురు. అట్టివాని వంశీయులెవరైనను పూర్వుని జాడ వెదకదలచినచో మొట్టమొదట పట్టుకొనవలసినది వీలునామా. ఇంగ్లండున 1858 జనవరి 12వ తేదీకి పూర్వము వీలునామాలను రుజువుపరచు అధికారము చర్చి న్యాయస్థానములది. ఆ దినమునుండి అది ప్రభుత్వ ప్రొబేటు కచేరీకి వచ్చినది. ఏటేట అచ్చయిన పట్టికలలో చనిపోయినవాని పేరు, నివాసము, మరణదినము, అధికారము పొందినవారి పేరులు, ఆస్తి విలువ దొరకును. ఇక కంపెనీ కాలమున ఈ దేశమునందే మరణించిన ఆంగ్లేయుల వీలునామాల నకళ్లు లండనుకు పోయి, నేడు బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. వాటితోడ ఆస్తిపట్టికలును కలవు. వీలునామాకంటె ఈ పట్టికలే ఒక్కొక్కప్పుడు ఎక్కువ మాటాడును. మంచము, కుర్చీ, గుఱ్ఱపు జీను, సారాయి సీసాలు, చదివిన పుస్తకములు వేలమున ఎవరు ఎంతకు కొనిరో అందు వ్రాసియుండును. ఎవడు ఎవని చొక్కాను కొనెనో చూచి, ఇద్దరికి గల స్నేహమును ఊహింపవచ్చును. ఆబిడ్సునందలి సెంట్ జార్జి చర్చి వంటి చోట్ల వ్రాసిన బాప్తిస్మ, వివాహ, భూస్థాపన పుస్తకములు ఈ పనికి తోడు నిలుచును.

వీలునామా అను మాటయే చూడుడు. విల్లు అను ఇంగ్లీషు మాటకు నామా అను పారసీ మాటను ముడివేసి తెలుగువాడు చేసిన పెండ్లి అది. మన పూర్వుల ధర్మశాస్త్రమున దీనికి సరియైన పేరు లేదు. మితాక్షర మతమున కుమారునకు తాతతండ్రుల యాస్తిలో పుట్టుకతోనే హక్కు గలుగును గాన, చనిపోవువాడు దానిని ఇచ్ఛవచ్చినట్లు పంచి పోవుటకు తావు లేదు. మహమ్మదీయ ధర్మమున అప్పులు తీర్చిన పిదప మిగులుదానిలో మూడవ వంతునకు మించి మరణశాసనమున వ్రాయరాదు. ఇంగ్లీషువాడు తన యాస్తిని ఎవరికైనను వ్రాయగలడు. ఈ భేదము ముందు అవసరమగును.

పత్రమును చదువు తెఱగు మాత్రము మనవారు చక్కగా చెప్పిరి. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున లిఖితము, భుక్తి, సాక్షులు అని ప్రమాణములు మూడు. పత్రమునందు సంవత్సరము, మాసము, పక్షము, దినము, పేరు, జాతి, గోత్రము, తండ్రిపేరు ఉండవలెను. ఋణము కొన్నవాడు పైన వ్రాసినది తనకు సమ్మతమని స్వహస్తమున వ్రాయవలెను. సాక్షులు తండ్రిపేరు ముందుంచి తమ పేరు వ్రాయవలెను. తుదిని వ్రాయసకాడు ఇరువురి ప్రార్థనపై తాను వ్రాసితినని తన పేరు చేర్చవలెను. పదుమూడవ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమను పేర ఈ మితాక్షరనే తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మన పాత దస్తావేజుల చివర కానవచ్చు సాక్షుల వరుసకును, దస్తూరి ఫలానావారు అను మాటకును అంత పాత వేరు కలదు. పూర్వుల జాడ తీయువాడు ఆస్తి పేరాలను చదివి కాగితము మడువరాదు. కొస దాక పోవలెను. సాక్షులు సామాన్యముగా బావమరదులో, పొలము గట్టువారో అయియుందురు. చతుస్సీమలలో తూర్పున ఫలానావాని చేను అని యున్నచో, ఆ ఫలానావాడు ఆనాటికి ఆ యూర బ్రదికి యున్నాడనుటకు అదియే సాక్ష్యము.

ఈ రీతిగా కాగితముల బలముచే ఒక స్త్రీ జీవితము మరుగునుండి వెలికి వచ్చిన వృత్తాంతము ఆబిడ్సునకు సుమారు ఒక మైలు దూరముననే జరిగినది. ఆబిడ్సు దాటి తూర్పుగా కోఠీకి పోయినచో పెద్ద స్తంభములతో తెల్లని భవనము కలదు. అది బ్రిటిషు రెసిడెన్సీ. 1803లో దాని కట్టడము మొదలు పెట్టించినవాడు జేమ్స్ అచిలిస్ కిర్క్‌పాట్రిక్. నిజాము దర్బారున అతనికి హష్మత్ జంగ్ అని బిరుదము. 1949లో అందు స్త్రీల కళాశాల ప్రవేశించెను. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయమై, తన సాగుభూమికై విసునూరు దేశముఖునెదిరించి నిలిచిన చాకలి ఐలమ్మ పేరు పెట్టుకొన్నది.

కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు సంపన్న కుటుంబపు కన్య ఖైరున్నిసా బేగమును వలచెను. కంపెనీ దొరతనమువారికి ఇది గిట్టలేదు. 1801లో గవర్నరు జనరలు వెల్లస్లీ విచారణ జరిపించెను. చెన్నపట్టణమున ఇద్దరు సైనికాధికారులను పిలిపించి, ప్రమాణము చేయించి, వాంగ్మూలము తీసికొనిరి. ఒక యింటి పెండ్లి సంగతి రాజ్యవ్యవహారమై దఫ్తరములోనికెక్కినది. ఆనాడు నిందగా వ్రాసిన ఆ వాంగ్మూలములే నేడు చరిత్రకారునకు మొదటి యాధారము. ద్వేషముతో వ్రాసిన కాగితమును చింపవలదనుటకు ఇంతకంటె దృష్టాంతము వలదు.

ఆ యేడే మార్చి 4వ తేదీ బుధవారమున వారికి కుమారుడు కలిగెను. తండ్రి ఆ సంగతిని ఒక చీటిపై వ్రాసికొనెను. ఇంగ్లీషు తేదీని, దానికి సరియగు హిజరీ 1215 శవ్వాల్ మాసపు తేదీని కూడ వ్రాసి, తల్లి తనకు వచ్చిన కలను బట్టి బిడ్డకు మీర్ గులాం అలీ అని పేరిడ గోరుచున్నదనియు, దానికి సాహిబ్ ఆలం అను పేరును తాను చేర్చదలచెననియు నుడివెను. దొరతనపు కాగితములలో ఎన్నడు కానరాని తండ్రి మనసు ఆ చీటిలో నున్నది. మరుసటి యేడు కుమార్తె పుట్టెను. ఆమె పేరు సాహిబ్ బేగం.

రెండు పంచాంగములు వ్రాసిన ఆ తండ్రి తెలివి మన యిండ్లలో అందరికి ఉండినచో ఎంత బాగుండెడిది! తాటాకుపై దుందుభి నామ సంవత్సరమని మాత్రమే వ్రాసియున్నచో అది 1862 కావచ్చును, 1922 కావచ్చును. అరువదియేండ్ల తేడా అనగా తాతకును మనుమనికిని గల తేడా. నిజాము రాజ్యపు కాగితములలో ఫసలీ యుండును. ఆ సంఖ్యకు 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును. అచటి ఫసలీ సంవత్సరము అక్టోబరులో ఆజూరు నెలతో మొదలగును గాన, జనవరి మొదలు సెప్టెంబరు వరకు గల దినములకు 591 కలుపవలెను. ఈ చిన్న లెక్క తప్పి, తండ్రికంటె కొడుకు ముందు పుట్టినట్లు వంశవృక్షములు వ్రాసికొన్నవారు కలరు!

1805లో కిర్క్‌పాట్రిక్ బిడ్డలను చదువునకై ఇంగ్లండు పంపెను. ఓడ ఎక్కుటకు ముందు చెన్నపట్టణమున జార్జ్ చిన్నెరీ అను చిత్రకారుడు ఆ యిద్దరి బొమ్మను హైదరాబాదు దుస్తులతో వ్రాసెను. సెప్టెంబరున ఓడ కదలెను. అక్టోబరు 15వ తేదీన తండ్రి కలకత్తాలో మరణించెను. వయస్సు 41 ఏండ్లు. ఆ వసంతముననే అతడు వీలునామా వ్రాసి సిద్ధపరచి యుండెను.

ఆ వీలునామాలో రెండు చోట్లు ఆగి చదువవలసినవి. మొదటిది, బిడ్డలను అతడు అక్రమ సంతానమని యర్థమిచ్చు మాటతో పేర్కొనెను. చదివినవారికి ఇది కఠినముగా తోచును. ఖైరున్నిసాతో నికా జరిగినట్లు తల్లివైపువారి మాటలోను, అతని సహాయోద్యోగి హెన్రీ రస్సెల్ తరువాత వ్రాసిన దానిలోను కలదు. అయినచో ఇట్లేల వ్రాసెను? నికా కాగితమును ఇంగ్లీషు న్యాయస్థానము ఒప్పుకొనునని నమ్మకము లేదు. ఒప్పుకొననిచో, బిడ్డలని మాత్రమే వ్రాసిన వ్రాత చెల్లకపోవచ్చును. దాయాదులు అడ్డుపడవచ్చును. కళంకముతో కూడిన మాటను తానే వ్రాసి, పేరులు విడివిడిగా చెప్పినచో ఆస్తి బిడ్డలకు నిశ్చయముగా చేరును. తన పరువును తీసి బిడ్డలకు కంచె వేసెనని చెప్పవలెను. కాగితపు మాటను చదువునప్పుడు ఆ మాట ఎవరి న్యాయస్థానమునకు వినిపించుటకు వ్రాయబడినదో మొదట తెలిసికొనవలెను. మన యూళ్లలో భాగపరిష్కార పత్రములకును ఇది చెల్లును. పన్నుకో, దాయాదికో, సర్కారుకో భయపడి వ్రాసిన వెల నిజమైన వెల కాదు.

రెండవది తల్లిని గూర్చిన వాక్యము. ఆమెను పేరుపెట్టి, గౌరవముతో పలికి, ఆమెకు జాగీరులును, అరలక్షకు తక్కువ గాని నగలును సొంతముగా నున్నవి గాన వేరుగా పోషణ ఏర్పాటు చేయలేదని వ్రాసెను. తన ప్రేమకు గుర్తుగా 10,000 హైదరాబాదు రూపాయలు వ్రాసెను. ఆ కాలపు ఇంగ్లీషు వీలునామాలలో ఈ దేశపు స్త్రీలకు సామాన్యముగా దక్కినది బిడ్డ తల్లి అను మాట, ఒక నెలసరి భరణము. ఈమెకు పేరు దక్కినది, కుటుంబగౌరవము దక్కినది, ఆమె యాస్తి లెక్క దక్కినది. ఆ వాక్యము లేకున్నచో ఖైరున్నిసా యెవరో చెప్పగల పత్రములలో ముఖ్యమైనది ఒకటి లోపించియుండెడిది.

మన దస్తావేజులలోను స్త్రీల పేరులు దొరకుట కష్టము. ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి అని తేలిపోవును. పేరుతో వారు కానవచ్చునది పసుపు కుంకుమల క్రింద ఇచ్చిన భూముల దానపత్రములలో. ముత్తవ్వల జాడ వెదకువారు పట్టాదారుల కాగితములు వదలి ముందు అవి చూడవలెను. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము భూమి పత్రముల నకళ్లు ఒకటవ పుస్తకమునను, వీలునామాలు మూడవ పుస్తకమునను ఎక్కును. వీలునామా వ్రాసినవారు బ్రదికియుండగా దాని నకలు ఇతరులకు ఈయరు. మరణానంతరము ఎవరైనను అడిగి పొందవచ్చును. వీలునామాను రిజిస్టరు చేయించుట విధిగా లేదు గాన, కచేరిలో దొరకనంత మాత్రమున అసలు లేదనుకొనరాదు. ఇంటి దూలముపై మూటలో నుండవచ్చును. సున్నము వేయునాడు ఆ మూటను పొయ్యిలో వేయు కోడళ్లను ఏమనవలెను? వారికి చదివి చెప్పనివారిదే ఆ తప్పు.

భర్త పోవునప్పటికి ఖైరున్నిసాకు ఇంకను ఇరువదియేండ్లు నిండలేదు. ఇటుపై ఆమె జాడ హెన్రీ రస్సెల్ ఉత్తరములలో కానవచ్చును. ఆ యుత్తరములు ఆక్స్‌ఫర్డు నగరపు బోడ్లియన్ గ్రంథాలయమున భద్రముగా నున్నవి. అతడు ఆమెకు సన్నిహితుడయ్యెను. హైదరాబాదులో అడుగు పెట్టుటకు ఆమెకు అనుజ్ఞ లేకపోగా, మన తెలుగుసీమ రేవుపట్టణమైన మచిలీపట్టణమున ఆమె నిలువవలసి వచ్చెను. 1808లో రస్సెల్ చెన్నపట్టణమున వేరొక కన్యను వివాహమాడెను. ఆమె మచిలీపట్టణమున ఉండిపోయెను. ఎట్టకేలకు హైదరాబాదు చేరి, 1813 సెప్టెంబరు 22వ తేదీన మరణించెను. వయస్సు ఇరువదియేడేండ్లు. ఇంత కథలో ఆమె స్వహస్తపు మాట మనకు చేరలేదు. అన్నియు ఇతరులు వ్రాసినవే.

ఇంగ్లండు చేరిన కుమార్తెకు 1806లో బాప్తిస్మమిచ్చి కేథరిన్ అరోరా అని పేరిడిరి. ఇంటివారు కిట్టీ అనిరి. సాహిబ్ బేగం అను పేరు కాగితములనుండి జారిపోయినది. అన్న 1828లో మరణించెను. మరుసటి యేడు ఆమెకు జేమ్స్ విన్‌స్లో ఫిలిప్స్ అను సైనికోద్యోగితో వివాహమయ్యెను. తల్లి దేశముతో ఆమెకు పొత్తు లేదు. ఇట్లు నడివయస్సు వచ్చిన పిమ్మట ఒకనాడు ఆమె బంధువులతో స్వాలోఫీల్డు అను పల్లెలోని ఒక భవనమునకు పోగా, గోడపై చిన్నెరీ వ్రాసిన బొమ్మ కానవచ్చెను. మొగలు దుస్తులలో తానును, అన్నయును! ఆమె కన్నీరు మున్నీరయ్యెను. ఆ యింటి యజమాని హెన్రీ రస్సెల్. అతడు 1852లో మరణించునప్పుడు తన వీలునామాలో ఆ బొమ్మను ఆమెకు వ్రాసిపోయెను.

అమ్మమ్మ షరఫున్నిసా బేగం హైదరాబాదులో ఇంకను బ్రదికియుండెనని కిట్టీకి తెలియవచ్చినది. రెసిడెన్సీలో సహాయోద్యోగియైన డంకన్ మాల్కం నడుమ నిలిచి ఉత్తరములు చేరవేసెను. మనుమరాలు ఇంగ్లీషున వ్రాయగా పారసీలోనికి మార్చి ముసలమ్మకు చదివి వినిపించెడివారు. అమ్మమ్మ చెప్పగా వ్రాయసకాడు బంగారుపొడి చల్లిన కాగితముపై పారసీలో వ్రాసి, జరీసంచిలో పెట్టి ముద్రవేసి పంపెడివాడు. ఎనుబదియేండ్ల వృద్ధురాలికిని, నలుబదియేండ్ల మనుమరాలికిని ముఖాముఖి మాట లేదు. ఉమ్మడి భాష లేదు. ఆ కాగితములే వారి చుట్టరికము.

ఒక యుత్తరమున కిట్టీ మూడేండ్ల ప్రాయమున విడిచిన యింటిని వర్ణించెను. విడిపోవునాడు తల్లి ఎచట కూర్చుండెనో తన కన్నులకు ఇప్పుడును కట్టినట్లున్నదనియు, ఆమె ఏడ్పు వినబడుచున్నదనియు, ఆమె తన పొడవైన కురులను పెరికికొనెననియు వ్రాసెను. ఏ దఫ్తరములోను లేని సంగతి ఇది. యాజ్ఞవల్క్యుని మూడు ప్రమాణములలో దీనిని ఏ కోవకు చేర్చవలెను? కన్నబిడ్డ జ్ఞాపకము సాక్ష్యమే గదా! తల్లి తలవెండ్రుకలేవైనను ఉన్నచో పంపుమని కూడ ఆమె వేడుకొనెను. అమ్మమ్మ ఇన్నేండ్లు దాచియుంచిన కురులలో కొన్నిటిని పంపెను. 1847లో ఆ ముసలమ్మ పోయెను. కిట్టీ 1889లో ఇంగ్లండున సముద్రతీరపు టార్కీ పట్టణమున మరణించెను.

ఆమె ఉత్తరములను, తండ్రి వీలునామాను, చెన్నపట్టణపు వాంగ్మూలములను, పారసీ గ్రంథములను ఒకచోట చేర్చి విలియం డాల్‌రింపుల్ అను రచయిత 2002లో పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆ పనికి అతనికి అయిదేండ్లు పట్టెను. అందు కొన్ని ఆధారములు హైదరాబాదు పాతబజారులోని పుస్తకముల దుకాణమున, దుమ్ములో దొరకినవే. రెసిడెన్సీ తోటలో కిర్క్‌పాట్రిక్ ఆమెకై కట్టించిన రంగమహలు పడిపోయినది. రెసిడెన్సీ భవనపు చిన్న నమూనా మాత్రము తోటలో కలదు. పిల్లల బొమ్మ ఇప్పుడు హాంకాంగు నగరమున ఒక బ్యాంకువారి యధీనమున నున్నది.